చూడీ అంటే గాజులు కాదు

అచ్యుతరామయ్య సారుకు,

కృష్ణానగర్ షెడ్డు ముసలి మెకానిక్ రాయునది. నా రాత వంకర, నా బిగింపు వంకర కాదు. సాయంత్రం షూటింగుకు మీ కారు ఎక్కవద్దు.

పొద్దున మీ ఇల్లాలు శ్యామలాదేవి అమ్మగారు కారు తెచ్చారు. ముందు చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ బోల్టును ఎవరో వంకరగా పెట్టి బలవంతంగా బిగించారు. ఇప్పుడు నట్టు ఎంత తిప్పినా బిగియదు, ఊరికే తిరుగుతుంది. బోల్టు చుట్టూ మెలికగా ఉండే మరలు అరిగిపోయి గోటికి కూడా తగలడం లేదు. ఆ మరలనే మా షెడ్డులో చూడీ అంటాము.

"చూడీ పోయిందమ్మా" అన్నాను.

"చూడీ అంటే ఏంటయ్యా?"

"ఉర్దూల గాజులమ్మా. సారు గీ కారుల మీ ఇంటి గుట్ట దిగిండ్రంటే ఉన్న గాజులు గూడ పోతయ్."

అమ్మగారు మీకు శాపం పెట్టాననుకున్నారు. నన్ను తిట్టి, కారు తీసుకుని వెళ్లిపోయారు. నేను చెప్పింది బోల్టు సంగతి. ఆ ముక్క అమ్మగారికి మీరు చెప్పండి. క్షమించమని మాత్రం నేను అడగను, బోల్టు నిజంగానే పోయింది.

కొత్త బోల్టు తెచ్చాను. అది ఎక్కే రంధ్రంలో కూడా మరలు చెడ్డాయి, టాపు అనే పనిముట్టు పెట్టి మళ్లీ కోయాలి. గంట పని. ఇప్పుడు మీ గేటు బయటే కూర్చున్నాను. వాచ్‌మన్ జంగయ్య, "నిన్ను రానియ్యొద్దన్నరు తాతా" అంటున్నాడు, ఈ చీటీ మాత్రం మీకు అందిస్తానన్నాడు. ఇంతలో అమ్మగారు లోపలి నుంచి చాయ్ పంపారు. అందులో చక్కెర లేదు. మీరే వచ్చి గేటు తీయండి.