మార్జిన్‌లో ఆ అమ్మాయి

జూలై 7

ఓరిక్ చచ్చిపోయాడు.

బోటనీ ల్యాబ్‌లో ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదువుతున్నాను. రెండో భాగం, నూట తొంభయ్యో పేజీ. టెస్లిన్‌కి కత్తి పట్టడం నేర్పినవాడు, ఆ పిల్ల కోసం మూడు గేట్లు దాటి వచ్చినవాడు. ఒక్క వాక్యంలో పోయాడు. నా గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. మేడమ్ ఏమైందని అడిగారు. కంట్లో కెమికల్ పడిందన్నాను. పాపం ఆవిడ కంగారుపడి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి నా ముఖం కడిగించారు.

డిగ్రీ సెకండియర్‌లో ఉండి, ఇంగ్లిష్ ఫాంటసీ నవల్లో ముసలాడు పోయాడని ఏడుస్తున్నానంటే ఎవరికి చెప్పుకోను? శ్రీకాకుళం ఫోన్ చేస్తే అమ్మ, ఆ టైమేదో బైబిల్ మీద పెట్టమంటుంది. ఈ విజయనగరం హాస్టల్లో అరవై మందిమి ఉన్నాం. కథల పుస్తకం చదివేదాన్ని నేనొక్కదాన్నే. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

జూలై 8

ఓరిక్ మీద బెంగతో లైబ్రరీ నుంచి మొదటి భాగం మళ్ళీ తెచ్చుకున్నాను. అతను మొదటిసారి కనిపించే పేజీ తీశాను. పక్కన ఎవరో పెన్సిల్‌తో సన్నగా రాశారు: "ఈడు సస్తాడు సూడు."

మార్జిన్లలో ఏవో గీతలున్నాయని ముందే తెలుసు. ఆబగా కథ వెంట పరిగెత్తానే గానీ వాటిని చదవలేదు. ఇప్పుడు అన్నీ చదివాను. రెండు పుస్తకాల నిండా ఉన్నాయి.

"ఒలే టెస్లినూ, ఆ తలుపు తియ్యకు, నా మాటిను."

"ఇంత పెద్ద కోటకి ఒక్క లెట్రిన్ లేదేటి?"

"ఈ రాణీకి కోపమొస్తే మా అమ్మలాగే గిన్నెలు సప్పుడు సేస్తన్నాది."

ఎక్కడో లండన్‌లో అచ్చయిన పుస్తకం. అంచులు మాత్రం మా వైపు భాష మాట్లాడుతున్నాయి.

జూలై 11

ఎంత అవమానం.

పుస్తకాలు తిరిగి ఇస్తుంటే లైబ్రేరియన్ జగన్నాధం గారు పేజీలు తిప్పి చూశారు. ఈ రాతలేమిటన్నారు. నావి కావన్నాను. ఈ సిరీస్ మొత్తానికి రిజిస్టర్‌లో ఉన్నది నీ పేరొక్కటే కదమ్మా అన్నారు. నిజమే, నేను తప్ప ఎవరూ తీసుకోలేదు. అన్నీ చెరిపి ఇస్తే తప్ప మూడో భాగం ఇవ్వనన్నారు. రబ్బరు కూడా ఆయనే ఇచ్చారు.

రెండు గంటలు కూర్చుని రెండు పుస్తకాలూ చెరిపాను. ఇంకో మాట కూడా రాయాలి. మొదట్లో ఏడుపొచ్చింది గానీ, తర్వాత కసిగానే చెరిపాను. ఎవతో ఓరిక్ చావుని ముందే రాసిపెట్టింది. చెయ్యని తప్పుకి నన్ను తిట్టించింది. పొడి ఊదేసి, తెల్లటి అంచులు చూసుకుని తృప్తిపడ్డాను.

జూలై 16

మూడో భాగంలోనూ ఉంది ఆ అమ్మాయి. జగన్నాధం గారు ఈసారి లోపల చూడకుండానే ఇచ్చేశారు.

నవ్వలేక చచ్చాను. డ్రాగన్‌ని చూసి "దీన్ని మా నాన్న లారీకి కడితే గాట్‌రోడ్డు మీద డీజిల్ కర్సుండదు" అని రాసింది. నేను నవ్వుతుంటే పక్క మంచం పిల్ల హెడ్‌ఫోన్స్ తీసి మరీ చూసింది.

తర్వాత నూట నలభయ్యో పేజీ. టెస్లిన్‌కి మొదటిసారి స్నేహితురాలు దొరికే చోటు. పక్కన ఇలా ఉంది: "ఈ పుస్తకం గురించి మాటాడుకోడానికి నాకూ ఒకర్తుంటే బాగున్ను. మా ఊర్లో దీన్ని సదివేదాన్ని నానొక్కర్తెనే."

పుస్తకం మూసేశాను. నేను ఈ డైరీలో రాసుకున్న మాటే ఇది. ఆ అమ్మాయి రాసిన రెండు పుస్తకాలని నా చేత్తో నేను చెరిపేశాను. ఒక్క పేజీ ఫోటో అయినా తియ్యలేదు.

జూలై 21

నాలుగో భాగం. రాత మారిపోయింది. అక్షరాలు పెద్దవయ్యాయి, లైన్లు కిందికి జారుతున్నాయి. కొన్ని చోట్ల అచ్చు మీదే రాసేసింది. జోకులు తగ్గిపోయాయి. "తలనొప్పి" అని మూడు చోట్ల ఉంది.

రెండువందల పన్నెండో పేజీలో "రేపు" అని రాసి ఉంది. అంతే. ఆ తర్వాత నూట ఎనభై పేజీల మార్జిన్లు ఖాళీ. ఐదో భాగం తెచ్చి చూశాను. అదీ మొత్తం ఖాళీయే. అట్టకి మడత కూడా పడలేదు.

జూలై 22

జగన్నాధం గారిని అడిగాను. ఈ పుస్తకాలు ఎవరిచ్చారని. ఆయన రిజిస్టర్ తీశారు. అసిరయ్య, లారీ ఓనర్, సాలూరు. రెండేళ్ళ కిందట ఒకరోజు కాలేజీ గేటు ముందు లోడు లారీ ఆగిందట. ఒక మనిషి అట్టపెట్టె మోసుకొచ్చి టేబుల్ మీద పెట్టి, "మా ఉషవి. ఇంక సదవదు" అన్నాడట. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడట.

ఉష. పేరు తెలిసింది. పేరు తెలిసేసరికే అయిపోయింది.

జూలై 23

ఐదో పుస్తకం తెరవలేదు. అన్నం తినలేదు.

ఆగస్టు 23

నెల గడిచినా మనసు కుదుటపడలేదు. రేపు ఆదివారం, సాలూరు వెళ్తున్నాను. మీ అమ్మాయి రాసినవి నేను చదివానండీ అని ఆ నాన్నకి చెప్పాలి. వినాలని ఉంటే చదివి వినిపించాలి. లైబ్రరీలో ఒక విడతకి రెండు పుస్తకాలే ఇస్తారు కాబట్టి నాలుగో భాగం, ఐదో భాగం బ్యాగులో పెట్టాను. చెరిపిన సంగతి చెప్పాలో వద్దో తెలియడం లేదు.

ఆగస్టు 24, సాయంత్రం, తిరుగు బస్సులో

బస్సు కుదుపులకి అక్షరాలు వంకరపోతున్నాయి.

బైపాస్ పొడుగునా లారీ షెడ్లే. అసిరయ్య పేరు చెప్పగానే ఒకాయన ఒక గది చూపించాడు. లోపల టేబుల్ వెనక నా ఈడు అమ్మాయి ఫోన్‌లో మాట్లాడుతోంది. "జైపూర్ లోడుకి రేపు బండి లేదు బావూ. ఎల్లుండి పంపుతాను. కిరాయి అంతకన్నా తగ్గదు, పోన్ పెట్టీ." పెట్టేసి, తలుపు వైపు తిరిగింది.

"ఎవులు? ఏటి పని?"

అసిరయ్య గారి కోసమన్నాను. నాన్న బండి కింద ఉన్నాడు, వస్తాడు, కూర్సో అంది. చెల్లెలేమో అనుకున్నాను. నా పేరు అనిత, ఉష గారి పుస్తకాలు మా కాలేజీలో ఉన్నాయి, ఆవిడ గురించి తెలుసుకుందామని వచ్చాను అన్నాను.

"తెలుసుకోడానికేటున్నాది? నానే ఉషని."

నా నోట్లోంచి వచ్చిన మాట రాయడానికి సిగ్గేస్తోంది. "నువ్వు చచ్చిపోలేదా?" అన్నాను.

ఆమె నవ్వింది. టేబుల్ మీద వాలిపోయి నవ్వింది. ఆ ఊపుకి ఫోన్ కింద పడింది. "ఎవులు సెప్పేరే నీకు!" అంటూ వంగి నేల తడిమింది. ఫోన్ ఆమె పాదం పక్కనే ఉంది. ఆమె చెయ్యి మాత్రం అటూ ఇటూ జానెడు జానెడు వెతుకుతోంది.

అప్పుడర్థమైంది.

ఫోన్ తీసి చేతిలో పెట్టాను. తనే చెప్పింది, లోడు గురించి చెప్పినంత మామూలుగా. డిగ్రీలో ఉండగా తలనొప్పులు మొదలయ్యాయి. కళ్ళజోడు పవర్ అనుకున్నారు. విశాఖపట్నం తీసుకెళ్ళేసరికి తలలో ప్రెషర్ పెరిగి కంటి నరాలు పాడైపోయాయి. ఆపరేషన్ చేశారు. మనిషి దక్కింది, చూపు దక్కలేదు. ఇప్పుడు నాన్న బండ్లకి లోడ్లు మాట్లాడేది తనే.

"పుస్తకాలు నీకాడికెలా వచ్చేయి? పాతసామాన్లోడికి అమ్మీసేనన్నాడు నాన్న."

నేను నోరు తెరిచేలోపు గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. మోచేతుల దాకా గ్రీజు. నా ఒళ్ళోని బ్యాగులోంచి తొంగిచూస్తున్న పుస్తకాన్ని చూసి ఉన్నచోటే ఆగిపోయాడు.

"నాన్నా, అమ్మీసేనన్నావు" అంది ఉష.

"నువ్వు రోజూ ఒళ్ళో ఎట్టుకుని పేజీలు తిప్పీదానివి" అన్నాడు. "తిప్పుతూనే ఉండీదానివి. నాను సూడలేకపోనానమ్మా. అమ్మడానికీ సెయ్యి రాలేదు. ఇజీనారంలో కాలేజీ గేటు కనిపిస్తే బండి ఆపీసేను."

"రెండేళ్ళు. రెండేళ్ళ బట్టి నీ మీద కోపంతో ఉన్నాను నాను."

"తెలుసు" అని ఆయన మళ్ళీ బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. కాసేపటికి సుత్తి చప్పుడు మొదలైంది.

నేను ఏదో ఒకటి అనాలని, ఐదో భాగం చదివి వినిపిస్తానన్నాను. ఎంతో గొప్ప పని చేస్తున్నట్టు. ఆమె మూతి తిప్పింది.

"ఐదోదా? పోన్లో రెండుసార్లు ఇన్నాను. ఆకర్న మన టెస్లిను ఉన్నాది కదా..."

చెవులు మూసుకుని కేక పెట్టాను. నేనింకా చదవలేదని! మళ్ళీ నవ్వింది. సెప్పను లే అంది. తర్వాత చెయ్యి చాపింది. నాలుగో భాగం అందులో పెట్టాను. అట్ట మీద, అంచుల మీద వేళ్ళు నడిపింది.

"కత పోనైనా సదువుద్ది. నాను రాసింది పోన్లో రాదు కదా. అది సదువు."

చదివాను. అచ్చు వదిలేసి మార్జిన్లు మాత్రమే, "రేపు" దాకా. కొన్నిచోట్ల నవ్వింది. ఒకచోట, ఇది రాసినట్టే గుర్తు లేదంది. చివర్లో, రేపు ఏమనుకున్నావని అడిగాను. "రేపు మిగతాది సదవాలనుకుని ఉంటాను, ఏటుంటాది" అంది.

బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుంది. వచ్చే ఆదివారం మొదటి రెండూ తీసుకురమ్మంది. ఎక్కువ రాసింది వాటిలోనే అంది. ఎంత పొగరుగా రాసీదాన్నో ఇనాలనుంది అంది.

తెస్తానన్నాను.

తెస్తానని ఎలా అన్నాను?

ఆగస్టు 25

మొదటి భాగం కిటికీ దగ్గర పెట్టి పేజీ పేజీ చూశాను. ఒక్క అక్షరం లేదు. నేను ఏ పనీ ఇంత శుభ్రంగా చెయ్యలేదు. గుర్తున్నవి రాయబోతే పదకొండు వచ్చాయి. వందలు ఉండేవి.

ఆగస్టు 31

చెప్పేశాను.

గుర్తున్న పదకొండూ చూసి చదువుతున్నట్టు నటించి, మిగతావి సొంతంగా కల్పించేద్దామని బస్సులో అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఆమెకి కనపడదు కదా అని కూడా అనుకున్నాను. ఆ మాట మనసులో వినగానే నా మీద నాకే అసహ్యం వేసింది.

పుస్తకాలు ఉష ఒళ్ళో పెట్టి, "వీటిలో ఏమీ లేదు ఉషా. జూలైలో నేనే చెరిపేశాను" అన్నాను. ఎవరు చెరపమన్నారో చెప్పాను. కసిగా చెరిపిన సంగతీ దాచలేదు.

ఉష అరవలేదు. పుస్తకం తెరిచి ఒక పేజీ అంచు మీద బొటనవేలు పెట్టి, పైనుంచి కిందికి దించింది. ఇంకో పేజీ తిప్పింది. అక్కడా అలాగే.

"నా రాత నాను మళ్ళీ రాయలేను. తెలుసా నీకు?" అంది. "ఎల్లిపో."

వచ్చేశాను.

సెప్టెంబర్ 3

జగన్నాధం గారితో అంతా చెప్పాను. తిట్టాలనే వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. ఆ రోజు ఆ మనిషి కళ్ళు తుడుచుకుంటుంటే నేను ఒక్క ప్రశ్న అడగలేదమ్మా అన్నారు. తిట్టలేకపోయాను.

సెప్టెంబర్ 8

నమ్మలేకపోతున్నాను. పెన్సిల్ గీతకి మనిషిని నిలదీసే జగన్నాధం గారు ఒక్క పురుగు కూడా ముట్టని ఐదు పుస్తకాల ఎదురుగా "చెదలు పట్టినవి, తీసివేయడమైనది" అని రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టారు. దారంతో కట్టి నా చేతికిచ్చారు. ఎవరివి వాళ్ళకి చేర్చమన్నారు.

చేర్చడానికి నన్ను ఆ గుమ్మం తొక్కనిస్తుందా?

సెప్టెంబర్ 11

అసిరయ్య గారు ఫోన్ చేశారు. నంబరు కాలేజీలో తీసుకున్నారట. "ఏమ్మా, ఆదివారం వస్తావా రావా, కనుక్కోమంది మా గుంట" అన్నారు. వెనక నుంచి ఉష గొంతు: "నానేటీ కనుక్కోమన్లేదు!"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వస్తానన్నాను. ఆయన గొంతు తగ్గించి, ఇప్పుడు నాతో రెండు ముద్దలెక్కువ మాట్లాడుతోందమ్మా అన్నారు. ముద్దలు కాదు, మాటలు అని సరిచేసుకున్నారు.

సెప్టెంబర్ 14

ఐదో భాగం మొదలుపెట్టాం. నేను చదవాలి, తను ఆపమన్నచోట ఆపాలి, తను చెప్పింది మార్జిన్‌లో రాయాలి. పెన్సిల్ తీశాను. శబ్దం పట్టి కనిపెట్టేసింది. పెన్ను తియ్యమంది.

మొదటి పేజీలో, తను చెప్పినట్టే, నా చేత్తో: "అనిత మీద కోపం ఇంకా పోలేదు."