మూడో నంబరు లైటు

జులై 7, ఆదివారం

మా మరిది బాలాజీ కోదాడ నుంచి హబ్ తెచ్చాడు, ఒక్క నెట్‌ను నాలుగు వైర్లకు పంచే డబ్బా. వారమంతా అక్కడే ఉండి అతను పనిచేసే నెట్ సెంటర్‌లో ఎప్పటి నుంచో మూలన పడి ఉందట. హాల్లో ఫ్రిజ్ మీద పెట్టి, ఒకటో నంబరులో మోడెమ్ వైరు, రెండులో నా కంప్యూటర్‌ది, మూడులో యమునది గుచ్చాడు. ఒక్కో నంబరు పక్కన ఒక చిన్న లైటు, నెట్ నడుస్తుంటే కొట్టుకుంటుందట. ఇగ కొట్లాట లేదు వదినా, ఇద్దరికీ నెట్ ఉంటది అన్నాడు. మేమెప్పుడు కొట్లాడామట?

యమున అతని భార్య, నా తోటికోడలు. ఇద్దరం ఒకే మ్యారేజ్ బ్యూరోకి పెళ్లి బయోడేటాలు టైప్ చేస్తాం. ఆ పని నేర్పింది నేనే.

జులై 8

నేను పనిలో ఉన్నంతసేపూ మూడో లైటు గబగబా కొట్టుకుంటూనే ఉంది. నీకెన్ని బయోడేటాలు వచ్చాయని యమునను అడిగితే, ఒక్కటి రాలే అక్కా అంది. మరి ఆ లైటు ఎవరిది, మా తాతదా?

జులై 9

ఇవాళ కూడా.

జులై 10, మధ్యాహ్నం 2

నాకు కుళ్లు. రాసేస్తున్నాను, ఎవరు చూస్తారు? అది మిర్యాలగూడలో డిగ్రీ చదివింది, నేను ఇంటర్‌తో ఆగాను. అత్తమ్మ టీ ముందు దానికే ఇస్తుంది. ఇప్పుడు పని కూడా దానికే. ఏకు మేకై కూర్చుంది.

జులై 11

యమున పొయ్యి మీద పెట్టిన అన్నం మాడింది. అత్తమ్మ కేకేసింది. నేను అందుకున్నాను. పొద్దంతా కంప్యూటర్ ముందుంటే మాడక ఏం చేస్తుంది అన్నాను. అత్తమ్మను ఫ్రిజ్ దగ్గరికి పిలిచి లైటు చూపించాను. నా కంప్యూటర్‌లో ఫైలు దిగుతోంది, పక్కనే మూడో లైటు కొట్టుకుంటోంది.

పని వస్తదేమో అని ఆన్ చేసి పెట్టిన గని పొద్దటి నుంచి ముట్టనే లేదు అని యమున ఏడ్చింది. కండ్ల ముందు కనవడుతుంటే గిట్ల అబద్ధమాడతవా అంది అత్తమ్మ. సాయంత్రానికి యమున బ్యాగు సర్దుకుని పుట్టింటికని మిర్యాలగూడ బస్సెక్కింది. మంచి పనయింది అనుకున్నాను. అదీ రాస్తున్నాను.

జులై 12, ఉదయం 11

యమున గదికి తాళం. లోపల కంప్యూటర్ ఆపకుండా పోయినట్టుంది.

మూడో లైటు కొట్టుకుంటోంది.

11.20

నేను పని ఆపాను. లైటు నిలబడింది. ఫైలు పంపాను. కొట్టుకుంది. ఆపాను. నిలబడింది.

బాలాజీకి ఫోన్ చేశాను. అది పాత డబ్బా వదినా, ఎవరికొచ్చింది వాళ్లకే ఇయ్యరాదు దానికి, ఒకరికొస్తే అన్ని వైర్లకు తోస్తది, అన్ని లైట్లు కొట్టుకుంటయ్ అన్నాడు. ఏమైంది, మా యమున ఫోన్ ఎత్తుతలేదు అని అడిగాడు. ఏం కాలేదన్నాను.

ఇన్ని రోజులూ నా పనిని చూసి నేనే ఏడ్చాను. అత్తమ్మకు చెబితే నా పరువు ఖతం. చెప్పను.

జులై 13, ఉదయం 8

అత్తమ్మను ఫ్రిజ్ దగ్గరికి పిలిచాను. ఫైలు దిగుతుండగా నా వైరు పీకాను. మూడో లైటు ఆగింది. గుచ్చాను. కొట్టుకుంది. మూడుసార్లు చేసి చూపించాను. అత్తమ్మ లైటు వైపు చూడలేదు, నా ముఖమే చూసింది. చీర మార్చుకో, మిర్యాలగూడ పోదాం అంది.