మబ్బు పూట తీసిన ఫోటో

సెప్టెంబర్ 18, ఆదివారం

తెలంగాణ కోసం సమ్మె, రేపటి నుంచి బస్సులు కూడా బంద్. ప్రసాద్ గారు ఈ సాయంత్రమే వెళ్ళిపోయారు. ఎల్బీ నగర్‌లో విజయవాడ బస్సు దొరికేసరికి గంటన్నర పట్టింది. కోచింగ్ సెంటర్ మూసేశాక లెక్కల సారుకు ఇక్కడేం పని? "సెంటర్ తెరవగానే వచ్చేస్తానండీ." తెరవకపోతే? అడగలేదు.

మొన్న బడంగ్‌పేట్ బండల దగ్గర నేను తీసిన ఫోటో, చిన్న ప్రింటు, చొక్కా జేబులో పెట్టుకున్నారు. "మంచిగ రాలేదు, ఇయ్యుండ్రి" అంటే ఇవ్వలేదు. "సరిచేసి పెద్దది పంపండి. వచ్చేదాకా చూసుకుంటా."

సెప్టెంబర్ 20, మంగళవారం

దిల్‌సుఖ్‌నగర్ అంతా షట్టర్లు సగం దించి ఉంది. నేను పనిచేసే ఫోటో స్టూడియోలో గిరాకీ లేదు. కంప్యూటర్లో ఆ బండల ఫోటో తెరిచా... అబ్బా, ఎంత చప్పగా ఉందో! ఆ రోజు మబ్బు. నీడన్నదే లేదు. ఆకాశం బూడిద, కుంటలో నీళ్ళు బూడిద, బండలు బూడిద. అక్కడ నిలబడ్డప్పుడు మాత్రం ఇలా లేదు. ఆయన పక్కనుంటే నాకు ఎండ కాసినట్టే ఉంది మరి. కెమెరాకు అదెలా తెలుస్తుంది!

ఓనరు యాదగిరన్న కెమెరాకు పాత జబ్బు — లోపల దుమ్ము, ప్రతి ఫోటోలో చుక్కలు. ముందు చుక్కలు తుడవాలి, తర్వాతే రంగులు. ఆకాశంలో నాలుగు, బండ మీద ఒకటి. తుడిచేశాను. అదే ఫైలు మీద సేవ్ చేశాను. కంప్యూటర్ నిండా పెళ్ళిళ్ళే, ఒక ఫోటోకు రెండో ఫైలు ఉంచితే అన్న ఊరుకోడు. మెమరీ కార్డు ఏనాడో ఇంకో పెళ్ళి కోసం ఖాళీ అయిపోయింది.

సెప్టెంబర్ 21, బుధవారం

ఆయన ఫోటో ఒక్కటి లేదు నా దగ్గర. స్టూడియోలో పనిచేసేదాని దగ్గర! ఎప్పుడు కెమెరా ఎత్తినా "జర ఆగండి" అంటూ ముఖం తిప్పేసేవారు. 'జర' — ఇక్కడికొచ్చాక నేర్చుకున్న మాట. ఆయన నోట ఎంత ముద్దుగా ఉంటుందో. ఆ రోజూ అంతే, నేను కెమెరా సర్దుకుంటుంటే ఎటో నడిచి వెళ్ళిపోయారు.

సెప్టెంబర్ 24, శనివారం

"ఏందమ్మా, గీ ఒక్క ఫోటోను వట్టుకొని కూసున్నవ్? నీలం ఆకాశం అతికియ్యి. నీళ్లల్ల రెండు హంసలు వెట్టు. మస్తుంటది." యాదగిరన్నకు పెళ్ళి ఆల్బమ్‌ల అలవాటు. నవ్వొచ్చింది. అయినా అతికించి చూశా. పైన నీలం, కింద బూడిద నీళ్ళు. ఛీ. తీసేశాను.

సెప్టెంబర్ 27, మంగళవారం

కరెంటు పోయింది. రంగులకు చేసిందంతా సేవ్ కాకముందే పోయింది; చుక్కలు తుడిచిన ఫైలే మిగిలింది.

అక్టోబర్ 2, ఆదివారం

నాన్న ధర్నా నుంచి తిన్నగా స్టూడియోకే వచ్చాడు, నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి. పోచంపల్లిలో మగ్గం నేసిన మనిషి, ఇప్పుడు చీరల షాపులో జీతం. నా వెనక నిలబడి చూశాడు. "అంత ఒక్క తీరుగున్నది గదనే. తెలుపు మెరవాల్నంటే పక్కపొంటి నలుపు వడాలె బిడ్డా."

అంతే, దారి దొరికింది. ఎడమ నుంచి సాయంత్రపు ఎండ పడుతోందనుకున్నా. ఒక్కో బండ పై అంచున కాస్త తెలుపు, కుడి పక్కన కాస్త నలుపు. ఆకాశం పైకి పోయేకొద్దీ ముదురు. నీళ్ళ మీద రవ్వంత పసుపు. పడుకున్న బండలు లేచి కూర్చున్నాయి!

ఇది ఎవరి కోసమో నాన్నకు చెప్పాలి. చెప్పలేదు.

అక్టోబర్ 3, సోమవారం

తెలంగాణ రావాలి. ఆయనా రావాలి. రెండూ కోరుకుంటే తప్పా?

అక్టోబర్ 12, బుధవారం

ఫోన్ లేదు. నేనూ చెయ్యలేదు. "మీవాళ్ళే కదా మమ్మల్ని పొమ్మంటున్నారు" అంటారేమోనని. అలా అనే మనిషి కాదు. అయినా భయం.

అక్టోబర్ 20, గురువారం

బస్సులు తిరుగుతున్నాయి. పెద్ద ప్రింటు కొరియర్‌లో పంపాను. మడత పడకుండా అట్ట రెండుసార్లు చుట్టాను.

అక్టోబర్ 24, సోమవారం

ఫోన్! "ఎంత బాగుందండీ. ఆ ఎండ ఎక్కడ దొరికింది మీకు?" గాల్లో తేలిపోయాను. అంతలోనే — "మరి... నేనెక్కడ?"

"మీరా? మీరెక్కడున్నరు గందుల?"

"అవతల దూరంగా బండ మీద నిలబడ్డాను కదండీ. చెయ్యి కూడా ఊపాను. మీరు చూశారనుకున్నా."

చుక్క. బండ మీద ఒకటి.

కెమెరా అంటే పారిపోయే మనిషి, నా కోసం వెళ్ళి నిలబడితే, దుమ్మని తుడిచి పారేశాను. నా చేతులు పడిపోనూ!

అక్టోబర్ 25, మంగళవారం

ఫైలు తెరవడం, మూయడం. ఎంత పెద్దది చేసి చూసినా బండ మీద ఒట్టి బండే. అతుకు కూడా తెలియట్లేదు. పెద్ద పనిమంతురాలిని!

అక్టోబర్ 27, గురువారం

నేనే ఫోన్ చేశాను. తుడిచేసిన సంగతి చెప్పాను. ఆయన నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

"చిన్న ప్రింటుల కనవడ్తున్నరా?"

"చుక్కంత. నాకు తెలుసు గనక కనబడతాను."

"గది పంపుండ్రి. స్కాన్ జేస్త."

"పంపిస్తే నా దగ్గరేం మిగులుతుందండీ?"

ఇక ఆగలేకపోయాను. "అయితే వట్టుకొని మీరే రాండ్రి." అనేశాను. ఆయన సెంటర్ గురించి ఏదో మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు.

"జర ఆగండి" అన్నారు. లైను కట్టయింది.

అక్టోబర్ 29, శనివారం

ఫోన్ రాలేదు. వచ్చేదారిలో చూశాను, సెంటర్ షట్టర్ ఇంకా దించే ఉంది.

స్కానర్ అద్దం తుడిచాను. వంగి, పక్కనుంచి చూసి, చున్నీతో మళ్ళీ తుడిచాను. దుమ్ము ఒక్క నలుసు లేదు.