ఒక్క గుక్కలో చిరునామా

అమ్మాయీ, నేను అలిగి ఫోను ఎత్తడం లేదని మీ పిన్ని అందరితో అంటున్నదట. అది అబద్ధం. ఉబ్బసం ముదిరి మూడు రోజులుగా ఆసుపత్రిలో ఉన్నాను. మాట్లాడితే ఆయాసం వస్తున్నది కనుక ఈ కార్డు రాస్తున్నాను.

ఇక్కడి నర్సు నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకొని, నిజానికి నా ఊపిరులు లెక్కపెడుతుంది. ఆ కిటుకు కనిపెట్టి, నిన్న కావాలనే నెమ్మదిగా పీల్చాను. ఆమె కాగితం మీద మంచి అంకె వేసింది. నేను లోలోపల మురిసిపోతుండగా, "పెద్దమ్మా, మీ చిరునామా ఒక్క గుక్కలో చెప్పండి" అన్నది. ఇంటి నంబరు దాటి వీధి పేరు వరకైనా వెళ్లలేకపోయాను.

"నన్ను బాగానే బోల్తా కొట్టించారు గానీ, మెడ కండరాలు ఎలా లాగుతున్నాయో చూడండి. ఆ అంకె నమ్మి మందు తగ్గించి ఉంటే ఏమయ్యేది?" అంటూ దాన్ని కొట్టివేసింది. అప్పటినుంచి కన్ను మూయాలంటే భయంగా ఉన్నది.

మీ బీరువా పై అరలో మరచిపోయిన నా రెండో కళ్లజోడు పంపించు. వంటగది కుళాయి కారడం ఆగిందా? చంటివాడి దగ్గు తగ్గకపోతే చొక్కా విప్పి, డొక్కలు ఎగరేస్తున్నాడేమో చూడు. మీ పిన్నికి కూడా నా ఆశీస్సులు.

ఊపిరి ఇంకా కష్టమైతే గొంతులోకి గొట్టం వేస్తారట. అది ఉన్నన్నాళ్లూ మాట ఉండదు. నిన్ను అడిగితే ఏడుస్తూ వద్దంటావు. అందుకని, వేయమని ఈ ఉదయం నేనే సంతకం చేశాను. చేస్తున్నప్పుడు ఆయాసం దాచుకోలేదు.

మీ అమ్మ