ఒక్క ఊపిరిలో ఎన్ని వచనాలు?

కార్వేటినగరం దగ్గర,
2021 మే 6

తిరుపతి అత్యవసర ఫోన్ల గది పెద్దలకు,

వందనాలు తర్వాత. ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. దారిలో దెబ్బలు తిని పడివున్న మనిషిని గాడిద మీద ఎక్కించే ముందు ఆ మంచి సమరయుడు ‘దగ్గుందా? జ్వరం ఎన్నాళ్ల నుంచి? ఇంట్లో ఎందరు?’ అని అడిగాడా? అడగలేదు! లూకా సువార్త పదో అధ్యాయం తీసి చూసుకోండి. మీ ఆఫీసులో లేకపోతే నా దగ్గర రెండు ప్రతులున్నాయి, ఒకటి పంపుతాను.

నిన్న మా ఎదురింటి గురవమ్మకు కరోనా ఆయాసం ముదిరితే నేనే ఫోను చేశాను. మీ అమ్మాయి ఏడు ప్రశ్నలడిగింది. ఏడు! నేను వాక్యం ఎత్తుకున్నానో లేదో, “అయ్యా, బండి బయల్దేరినాది, లైను ఇడిసిపెట్టండి, ఇంకొకరు కాసుకోనుండారు” అని పెట్టేసింది. ఇరవై ఏళ్లుగా సంతల్లో, వీధి మొగల్లో ప్రసంగిస్తున్నాను. వాన ఆపింది గానీ మనిషి ఆపలేదు.

అందుకే ఈ ఉత్తరం. మీ ఆంబులెన్సు నడిపే పెంచలయ్య మా ఊరి మలుపులోనే బండి నిలుపుతాడు. అతని చేతికిస్తున్నాను.

ప్రభువు పనివాడు,
ఏబెల్
(పాస్టరును కాను. బళ్లో ఏడు దాకా, మిగతాది లేఖనాల్లో.)

తా.క.: బండి పద్దెనిమిది నిమిషాల్లో వచ్చింది. గురవమ్మ ఆసుపత్రిలో కోలుకుంటోంది. ఇది ఫిర్యాదులో భాగం కాదు.

*

తిరుపతి,
మే 7

ఏబెల్ అయ్యగారికి నమస్కారం.

సమరయుడికి ఎదురైనవాడు ఒక్కడు. ఇక్కడ పన్నెండు కుర్చీల్లో ఆరు ఖాళీగా వదిలి, ఆరుగురం కూర్చుని రోజుకు వెయ్యికి పైగా ఫోన్లు తీస్తున్నాం. మా ప్రశ్నలు బండిని ఆపడానికి కాదు. మేం అడుగుతుండగానే బండి కదులుతుంది. లోపలివాళ్లు ఒళ్లంతా కప్పే కిట్టు వేసుకుని దిగాలా, ఆక్సిజన్ ఉన్న బండి పంపాలా అన్నది ఆ జవాబులతోనే తేలుతుంది. మీకు అర్థం కావాలని మా సూచనల కాగితం జతచేస్తున్నాను.

ఇట్లు,
కోమలి, షిఫ్టు సూపర్‌వైజరు

తా.క.: మీ ఫోను తీసిన అమ్మాయి పేరు ధరణి. మీరు ఎత్తుకున్న వాక్యం తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలని ఉందట. కరోనా అయ్యాక అడుగుతుందట.

*

మే 11

అమ్మా కోమలీ,

నియామక పత్రం అందింది. మోషే తనకు మాట చాతకాదన్నాడు, అయినా పిలుపు వచ్చింది. నాకు మాట ఎక్కువే వచ్చు. జీతం వద్దు.

‘ఫోను తీసేవారు పాటించవలసినవి’ అని మీరు పంపినవన్నీ అక్షరం పొల్లు పోకుండా పాటిస్తున్నాను. కుర్చీకీ కుర్చీకీ మధ్య ఆరడుగులు ఉండాలన్నారు. నాకున్నది ఒకే కుర్చీ. దాన్ని గోడకు ఆరడుగుల దూరంలో వేశాను. ఫోనును పూటపూటా తుడవాలన్నారు. తడిబట్టతో తుడిచాను, చచ్చిపోయింది. బియ్యం డబ్బాలో పడుకోబెడితే లాజరులా లేచింది. ‘ఈ పనిలో ఉన్నవారు సొంత అవసరానికి అత్యవసర లైను వాడరాదు’ అన్న తొమ్మిదో సూచన నాకు బాగా నచ్చింది. మోకాళ్లూని ప్రమాణం చేశాను.

ఆయాసమన్నవారిని ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పమనాలన్నారు. మా ఊళ్లో అంకెలు చెప్పమంటే అప్పులాయన వచ్చాడనుకుంటారు. కాబట్టి నాకు ఫోను చేసే ఊరివాళ్లలో విశ్వాసులకు ‘యెహోవా నా కాపరి’ అనే ఇరవై మూడో కీర్తన పెట్టాను, ఎదురు వీధికి గోవింద నామం. ఆ వీధి చంద్రకాంతమ్మ ఫోనులోనే నవ్వింది. “ఏం అబ్బా ఏబెలూ, నువ్వు నాసేత గోవిందా అనిపిస్తాండావా?” “నువ్వను తల్లీ, నేను లెక్కపెడతా” అన్నాను. మొన్న ఒక్క ఊపిరికి పదకొండు గోవిందలు. ఈ పొద్దు ఆరు. వెంటనే మీకు ఫోను చేసి, అడగకముందే ఏడు జవాబులూ చెప్పేశాను. ధరణి రాసుకుని బండి పంపింది.

మీ సహోద్యోగి,
ఏబెల్

తా.క.: నన్ను నేనూ పరీక్షించుకున్నాను. ఒక్క ఊపిరిలో నాలుగో వచనం, చీకటి లోయ దాటి దుడ్డుకర్ర దాకా పోయాను. మా నాయన కూడా అంత దూరం పోలేదు.

*

మే 12

ఏబెల్ అయ్యగారికి,

అది నియామక పత్రం కాదని రాయడానికే కూర్చున్నాను. ఇంతలో డాక్టరుగారు పిలిచి, చంద్రకాంతమ్మను ఇంకో పూట ఆలస్యంగా తెచ్చి ఉంటే తన చేతిలో ఏమీ ఉండేది కాదన్నారు. కాబట్టి రాయడం లేదు.

మా కిటికీలోంచి అలిపిరి కనిపిస్తుంది. మెట్ల మీద మనుషులు పలచబడిపోయారు. పొద్దున్నే మబ్బు తునక కొండ దిగి వచ్చి, ఎవరికోసమో చూసి, తిరిగి ఎక్కిపోతున్నట్టుంటుంది. రెండు ఫోన్ల మధ్య దాన్నే చూస్తాం. ఇప్పుడు ఆరుగురమూ ఊపిరి బిగబట్టి గోవింద నామం లెక్కపెట్టుకుంటున్నాం. ధరణి పద్నాలుగు.

కోమలి

తా.క.: నేను తొమ్మిది. చిన్నప్పటి నుంచీ అంతే, కంగారు పడకండి.

*

మే 14, మధ్యాహ్నం

అమ్మా కోమలీ,

ఈడ చాలా హాయిగా ఉంది. అక్షరాలు కిందికి జారితే ఏమనుకోకు. మామిడి తోపు మీద ఎండ నీళ్లలాగా పారుతోంది. కుర్చీ నేల మీద ఆనినట్టు లేదు. ఫోను మోగుతుంది, తీస్తే అవతల ఆకుల చప్పుడు. పెంచలయ్య బండి మలుపులో తెల్ల గొర్రెలాగా పడుకుని ఉంది. లేపబుద్ధి కాలేదు. అతనే వచ్చి ఉత్తరముందా అని అడిగాడు.

పొద్దున గోడ మీదుగా పక్కింటి రుక్మిణమ్మకు వాక్యం చెప్పాను. మూడు మాటలకే అయిపోయింది. “ఏంరా, ఈ పొద్దు దేవుడు నన్ను ఇంత బిరీన ఇడిసిపెట్టినాడే!” అంది.

జ్వరమంటావా, నాలుగు రోజులుగా కొంచెం. దగ్గూ కొంచెం. ఒంటిగాణ్ణి, అంటడానికి ఇంట్లో ఎవరూ లేరు. మీకు ఫోను చేయలేదు. తొమ్మిదో సూచన ఉంది కదా. ప్రమాణం ప్రమాణమే.

ఏబెల్

తా.క.: కీర్తన ఈ పొద్దు రెండో వచనం దాకే. పచ్చిక ఉంది, పక్కన నీళ్లున్నాయి. ఆడనే కూర్చోవాలనిపిస్తోంది. లోయ దాకా ఎందుకులే.

*

మే 14, సాయంత్రం నాలుగు

శ్రీ ఏబెల్ గారికి ఉత్తర్వు.

మిమ్మల్ని ఫోను తీసే పనిలోంచి ఈ క్షణం తొలగిస్తున్నాను. సంజాయిషీ అక్కర్లేదు. పనిలో లేనివారికి తొమ్మిదో సూచన వర్తించదు, కాబట్టి మీ ప్రమాణం కూడా చెల్లదు. అసలు మిమ్మల్ని పనిలో పెట్టనే లేదన్న సంగతి తీరిగ్గా పోట్లాడుకుందాం.

ఒక రోగిని దించడానికి వచ్చి పెంచలయ్య మీ ఉత్తరం ఇచ్చాడు. తా.క. చదివి నిలబడే ఈ ముక్క రాస్తున్నాను. నాలుగో వచనం నుంచి రెండుకు దిగిన మనిషికి హాయిగా ఉంటే, అది హాయి కాదు నాయనా. ఊపిరి అందక వచ్చే మత్తు. మీరు చంద్రకాంతమ్మను ఎందుకు పంపారో గుర్తు చేసుకోండి.

మొదటి ఉత్తరంలో మీరడిగినదానికి ఇప్పుడు జవాబు: నిజమే, సమరయుడు ప్రశ్నలు అడగలేదు. ఈసారి మేమూ అడగడం లేదు. బండి మలుపులో లేదు, మీ వాకిట్లో ఉంది. లోపల ఆక్సిజన్ ఉంది. ఈ కాగితం ఇచ్చిన తెల్లబట్టల మనిషి పెంచలయ్యే. దేవదూత అనుకుని ప్రసంగం మొదలుపెట్టకండి.

కోమలి

తా.క.: మిగతా నాలుగు వచనాలూ ఇక్కడికొచ్చి ధరణికి వినిపించాలి. ఆ పచ్చిక మీద కూర్చోవద్దు. చెప్పులు వెతకొద్దు, తలుపు రుక్మిణమ్మ వేసుకుంటుంది. లేవండి నాయనా! రేపు కాదు, ఈ వాక్యం అయ్యాక కూడా కాదు, ఇప్పుడే బండెక్కండి!