గరిటెల టేబుల్

1999 జూన్ 6
చేతిరాత బాగుండదు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో అయిదో తరగతిలోనే సందేహం, ఆ పైన చదివింది లేదు. ఎవరి కంటనైనా పడితే తప్పులు మన్నించాలి. ఈ నోటుబుక్కు కోడలు సుజాత ఇచ్చింది. "నోరు తెరిచేది లేదు గదా మామా, రాసైనా పెట్టుకోండి" అంది.

జూన్ 9
వాన లేదు. కర్ర బాగా ఆరింది. గరిటెలు, తెడ్లు చెక్కుతున్నాను.

జూన్ 12
సుజాత ఆత్మకూరులో కంప్యూటర్ నేర్చుకుంటోంది కదా... అక్కడి సారు పరీక్ష పెట్టాడట. ఒక వెబ్ పేజీ చెయ్యాలి, అందులో టేబుల్ ఉండాలి. బాగా చేసినవాళ్లకు అక్కడే నేర్పే ఉద్యోగం. మన గరిటెల మీద చేస్తానంటోంది. "గరిటెల్లో ఏముండాదమ్మా చూపించేదానికి" అన్నాను. సిగ్గేసింది.

జూన్ 15
ఆత్మకూరు అంగట్లో గరిటెలు దింపి, సుజాత నేర్చుకునే కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లాను. రమ్మంది. చెప్పులు బయట విడవాలి. లోపల చల్లగా ఉంది.
ఇంట్లో నేను అరుగు మీద, ఆమె వంటింట్లో. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఎదురెదురుగా మాట్లాడుకున్నది తక్కువ. ఇక్కడ ఇద్దరం తెర వైపే చూస్తాం — మొహాలు చూసుకునే పని లేదు. మాట సులువుగా వస్తోంది.
ముందు పేర్లన్నీ కలగాపులగం. బోర్డర్ అని ఏదో కొట్టింది, గీతలొచ్చాయి. అక్షరాలు గీతలకు అంటుకుపోయాయి. ఇంకోటి కొట్టింది, చుట్టూ కాస్త జాగా వచ్చింది. పై వరసలో గడులన్నీ కలిపి ఒక్కటి చేసి, ఉదయగిరి గరిటెలు అని నడిమధ్యకు తెచ్చింది. అంతా ఇంగ్లీషు అక్షరాలే, తనే చదివి చెప్పింది.
పేరు, కర్ర, పొడవు — ఇవి నేను చెప్పాను. చివరి నిలువు వరసలో, దేనికి వాడతారు అని.
"తెడ్డు?"
"సంగటికి."
"ఈ వాలు అంచుది?"
తెలియదు. మా నాయన అట్లా చెక్కేవాడు, నేనూ అట్లాగే చెక్కుతున్నాను.
"లోతు తక్కువది?"
అదీ తెలియదు.
"ఇన్నేళ్లు చెక్కినారే, ఒక్కసారన్నా కూరలో పెట్టి తిప్పలేదా మామా?"
పక్క కుర్చీలో అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను.
నేను చెప్పలేని చోట గడే రాలేదు. గీతలు లేక, పళ్లూడిన నోరులా ఉంది టేబుల్. "లోపల ఏమీ లేకుంటే ఇది గడే గీయదు. కనపడని ఖాళీ ఒకటి పెట్టాల" అంది. పెట్టింది. వచ్చింది. ఆ తర్వాత ఆ గడులు తనే నింపింది.

జూన్ 16
వాలు అంచు — అడుగంటకుండా గీకడానికి. ఇంత వయసుకు తెలిసింది.

జూన్ 20
పేజీ సారుకు నచ్చింది. ఉద్యోగం ఇస్తానన్నాడు, ఒకటో తారీకు నుంచి. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం రావాలి. సుజాత వంటింట్లో ఏదో పాడుకుంటోంది. ఇంతకుముందు వినలేదు.

జూన్ 22
లారీ నడిపే కొడుకు మాలకొండయ్య, సంగం ఊళ్లో ఎత్తిన వడ్ల లోడు దించి, బండితో ఇల్లు చేరాడు. అన్నాల దగ్గర సుజాత విషయం చెప్పింది.
"ఉద్యోగమేంది? మధ్యాన్నం నాయనకు కూడెవరు పెడతారు? ఈయన నీళ్లు గూడా ముంచుకోడు."
సుజాత నా వైపు చూసింది. నేరుగా. నేను మజ్జిగ కలుపుకుంటున్నాను.
"చూడు, నాయన మాట్లాడలేదంటే ఆయనకూ ఇష్టం లేనట్టే."
అప్పుడూ ఏమీ అనలేదు నేను.

జూన్ 23
సుజాత చేజర్ల వెళ్లింది, పుట్టింటికి. రెండు రోజుల్లో వస్తానంది. నాతో కాదు, మొగుడితో.

జూన్ 24
కొండయ్య లోడుకు పోయాడు. పొయ్యి నేనే ముట్టించాను. పప్పు. నీళ్లెన్నో తెలియదు... మాడింది. పక్కింటి రమణమ్మ గోడ మీది నుంచి చూసింది.
"ఏందయ్యా, ఇల్లు కాలుస్తుండావా?"
"పప్పు."
"చెప్పినావు కాబట్టి తెలిసింది."
వచ్చి, ఎసరు ఎంత పొయ్యాలో వేలు ముంచి చూపించింది.

జూన్ 25
అన్నం కుదిరింది. పప్పులో ఉప్పు మరిచాను. సుజాత వచ్చింది. గిన్నెలు చూసింది.

జూన్ 28
కొండయ్య లారీ కడుగుతున్నాడు. వెళ్లి పక్కన నిలబడ్డాను.
"ఏంది నాయనా?"
"నేను వండుకుంటా."
"కోడలుండి మామ పొయ్యి ఊదుతుంటే ఊరేమంటుంది?"
"అననీ."
"ఆమె అడగమనిందా నిన్ను?"
"లేదు. నాకే ఇష్టం, ఆ పిల్ల ఉద్యోగానికి పోతే."
గుడ్డ పిండాడు. అద్దం మళ్లీ తుడిచాడు. "ఆమె ఇంకోసారి అడిగితే గదా, చూస్తా" అన్నాడు.
ఆమె అడగడం లేదు. నా మీద కోపమో, ఆశ వదిలేసిందో. సాయంత్రం వంటింటి గడప దాకా పోయాను... నీళ్లు తాగి వచ్చేశాను.

జూన్ 29
సుజాతా, నీ ఎదుట నిలబడి చెప్పడం నాకు చేతకావడం లేదు. అందుకే ఇది తెరిచి పొయ్యి పక్కన పెడుతున్నాను. ముందు పేజీలూ చదువు, పర్వాలేదు. ఆ రోజు నేను ఊరుకున్నది వద్దని కాదు. మాట రాక. కొండయ్య మెత్తబడ్డాడు, నువ్వు అడిగితే వింటాడనిపిస్తోంది. ఈ రాత్రి అన్నాల దగ్గర అడుగుతావా? అడిగితే ఈసారి నేను మాట్లాడతాను. నీకే మనసు విరిగిపోయి ఉంటే అదీ చెప్పు, బలవంతం లేదు. ఒకటో తారీకు ఎల్లుండే. జవాబు తొందరగా ఇయ్యమ్మా, అరుగు మీదే ఉంటాను.