టమాటా కాడల నూగు

మంగళవారం, ఇబ్రహీంపట్నం

ఎన్నిసార్లు కడిగినా చేతులకు అంటిన పసుపు జిగురు, దాని కంపు పోవడం లేదు. పొద్దున మా టమాటా తోటలో పిలకలు గిల్లుతుంటే, కాడల నూగుకు చిక్కుకున్న తెల్లదోమలు ఇంకా కదులుతూనే నా వేళ్ల కింద చితికాయి. "ఛీ" అంటే అత్త నవ్వింది.

"గా నూగే చెట్టుకు కాపలా బిడ్డా. కాడ నున్నగుంటే పురుగులు ఎప్పుడో తినిపోతుండె."

మధ్యాహ్నం ప్లాట్ల బ్రోకర్ మా పొలం అమ్మకం కాగితాలు పట్టుకొచ్చాడు. "జర సంతకం పెట్టక్కా" అంటూ నా చేయి పట్టుకుని వేళ్ల మధ్య పెన్ను ఇరికించాడు. జిగురు అంటగానే మొహం చిట్లించి వదిలేశాడు.

పురుగులకంటే ఆ పట్టే నాకు రోత. మా ఆయన పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు. ఆయన సంతకం అప్పటికే అయిపోయిందేమో...